ధ్వనితో ద్రవ్యాన్ని తూచిన ఆచార్య సూరి భగవంతం

శాస్త్రజ్ఞుని జీవితాన్ని విద్యార్థుల ముందు ఉంచడం అంత సులభమైన పని కాదు. రాజుల చరిత్రలో కోటలు, యుద్ధాలు ఉంటాయి. కవుల చరిత్రలో కావ్యాలు, సభలు, సన్మానాలు ఉంటాయి. శాస్త్రజ్ఞుడు వెనుక విడిచి వెళ్ళేది చాలాసార్లు కొన్ని అంకెల పట్టికలు మాత్రమే. ఆ అంకెల విలువ తెలియనిదే ఆ జీవితపు విలువ తెలియదు. కనుకనే ఈ సంచికలో మేము ఆచార్య సూరి భగవంతం గారి జీవితాన్ని ఆయన కొలతలతో కలిపి చెప్పదలచినాము. ధ్వని తరంగాల సాయంతో స్ఫటికాలను, ద్రవాలను పరిశీలించే విద్యను తెలుగునాట పాదుకొల్పిన ప్రముఖులలో ఆయన ఒకరు. అణు వ్యర్థాలలోని సూక్ష్మ కణాలను ధ్వనితో వేరుచేయాలనే నేటి ప్రయత్నానికి ఆ విద్యతో ఉన్న సంబంధాన్ని కూడా చివరలో వివరిస్తాము.

భగవంతం గారు 1909 అక్టోబరు 14న నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో జన్మించినారు. గుడివాడలో ఉన్నత పాఠశాల చదువు ముగించి, పై చదువుకు హైదరాబాదు వచ్చినారు. మన మాదన్నపేట నుంచి మూసీ దాటి బషీర్‌బాగు వైపు వెళితే కనిపించే నిజాం కళాశాలయే ఆయన పట్టభద్రుడైన విద్యాసంస్థ. అప్పట్లో ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. నిజాం రాజ్యపు రాజధానిలో చదువుకొని, మద్రాసు వారి పట్టా అందుకొన్న ఆ కృష్ణాతీరపు యువకునికి భౌతికశాస్త్రం మీద మక్కువ ఏర్పడినది.

సరిగా ఆ సంవత్సరంలోనే, 1928 ఫిబ్రవరి 28న, కలకత్తాలో చంద్రశేఖర వేంకట రామన్ తన పేరుతో ప్రసిద్ధి చెందిన ఫలితాన్ని కనుగొన్నారు. ఒక ద్రవం గుండా పోయిన కాంతిలో కొంత భాగం రంగు మార్చుకొని వెలువడుతుందని, ఆ మార్పును బట్టి ఆ ద్రవంలోని అణువుల కదలికలు తెలుస్తాయని ఆ ఫలితం చాటినది. దేశమంతటి నుంచి యువకులు రామన్ ప్రయోగశాలకు తరలివెళ్ళిన రోజులవి. భగవంతం గారు కూడా 1928లోనే కలకత్తా చేరి, బౌబజారు వీధిలోని వైజ్ఞానిక సంస్థలో రామన్ శిష్యులైనారు. కాంతి కణానికి తనదైన భ్రమణం ఉన్నదని ప్రయోగం ద్వారా నిరూపించే వ్యాసాలను గురుశిష్యులు కలిసి 1931-32లలో ప్రకటించినారు. అప్పటికి ఆ శిష్యునికి ఇరవై రెండేళ్ళు దాటియుండవు. ఖరీదైన యంత్రాలు లేకపోయినా, ప్రశ్న స్పష్టంగా ఉండి కొలత నిజాయితీగా ఉంటే లోకం చెవి ఒగ్గి వింటుందనే పాఠం ఆ ప్రయోగశాల నేర్పినది.

1932లో ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అధ్యాపకులుగా చేరినారు. ఆ సంస్థ పుట్టి అప్పటికి ఆరేళ్ళు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా ఉండి, వాల్తేరు గుట్టల మీద కొత్త శాఖలను నెలకొల్పుతున్న కాలమది. భగవంతం గారు చిన్న వయస్సులోనే అక్కడ ఆచార్య పదవిని అందుకొన్నారు. కాంతి పరిక్షేపణాన్ని, రామన్ ఫలితాన్ని గూర్చి ఆయన రచించిన ఆంగ్ల గ్రంథం 1940లో వెలువడినది. టి. వెంకటరాయుడు గారితో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయిస్తూ రచించిన గ్రంథం 1948లో వచ్చినది. ఈ రెండూ తెలుగు నేల మీద పుట్టి, పరదేశాల విద్యార్థుల చేతికి చేరిన పుస్తకాలు.

వాల్తేరులో ఆయన దృష్టి క్రమంగా అతిధ్వనుల వైపు మళ్ళినది. అతిధ్వనులంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. గోలకొండ కోట ప్రవేశద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు చరిస్తే, ఆ శబ్దం పైన బాలాహిస్సారు వద్ద వినిపించడం మన విద్యార్థులందరూ ఎరిగినదే. ధ్వని పదార్థం గుండా ప్రయాణించే ఒత్తిడి అల. సెకనుకు సుమారు ఇరవై వేల కంపనాలు మించితే మనిషి చెవి దానిని పట్టుకోలేదు. ఆ హద్దు దాటిన ధ్వనులే అతిధ్వనులు. కొన్ని స్ఫటికపు పలకలకు విద్యుత్తును మార్చి మార్చి అందిస్తే అవి ఉబ్బుతూ ముడుచుకొంటూ సెకనుకు లక్షలసార్లు కంపిస్తాయి. ఆ పలకను ద్రవంలో ఉంచితే చెవికి వినబడని ఆ అలలు ద్రవమంతటా వ్యాపిస్తాయి.

వినబడని ధ్వనిని కొలిచేది ఎట్లా? దానిని కంటితో చూడవచ్చునని 1932లో అమెరికాలో డిబై, సియర్స్, ఫ్రాన్సులో లూకా, బికార్ వేరువేరుగా కనుగొన్నారు. ధ్వని తరంగం పోతున్న ద్రవంలో ఒక పొర దట్టంగా, మరొక పొర పలుచగా వరుసలు తీరుతాయి. ఆ వరుసల మీదుగా కాంతిని పంపితే అది చీలి, తెరమీద గీతలు గీతలుగా పడుతుంది. ఆ గీతల ఎడమును కొలిస్తే ధ్వని తరంగదైర్ఘ్యం తెలుస్తుంది. తరంగదైర్ఘ్యం నుంచి వేగం, వేగం నుంచి ఆ ద్రవం ఒత్తిడికి ఎంత లొంగుతుందో ఆ గుణం లెక్కకు వస్తాయి. 1935-36లలో రామన్, నాగేంద్రనాథ్ బెంగుళూరులో ఈ చీలికకు గణిత సిద్ధాంతం కట్టినారు. ఆ సిద్ధాంతాన్ని, ఆ ప్రయోగాన్ని ఆధారం చేసుకొని భగవంతం గారు, బి. రామచంద్రరావు మొదలైన శిష్యులు వాల్తేరులో పరిశోధనలు సాగించినారు. వాల్తేరు పేరు అతిధ్వనుల పరిశోధనలో ప్రపంచానికి తెలిసినది.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చినది. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్టణం మీద జపాను బాంబులు పడిన తరువాత విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చినది. పుస్తకాలు, పరికరాలు మూటగట్టుకొని ఊరు మారిన ప్రయోగశాలలో పని ఆగిపోతుందని ఎవరైనా అనుకొంటారు. ఆ ఏళ్ళలోనే భగవంతం గారు, జె. భీమసేనాచారి గారు కలిసి స్ఫటికాల స్థితిస్థాపకతను కొలిచే ఒక కొత్త పద్ధతిని రూపొందించినారు.

ఆ పద్ధతిలోని యుక్తి చాలా సరళమైనది. కంపించే స్ఫటికపు పలక ఎంత పలుచనైతే దాని కంపనాల సంఖ్య అంత ఎక్కువ. పలకను ఒకే మందంతో కాక, చీల ఆకారంలో ఒక అంచు మందంగానూ రెండవ అంచు పలుచగానూ అరగదీస్తే, ఒకే పలక నుంచి అనేక కంపన సంఖ్యలు రాబట్టవచ్చు. పరీక్షించవలసిన చిన్న స్ఫటికాన్ని దాని ముందుంచి, కంపన సంఖ్యను క్రమంగా మార్చుతూ పోతే, ఆ స్ఫటికం తన మందానికి తగిన కంపనాల వద్ద మాత్రమే ధ్వనిని ధారాళంగా దాటనిస్తుంది. అవతలి ద్రవంలో కాంతి గీతలు ప్రకాశించినప్పుడు ఆ క్షణం తెలుస్తుంది. పెద్ద స్ఫటికాలు దొరకనివారికి ఇది వరం వంటి పద్ధతి.

దానితో వారు వజ్రాన్ని కొలిచినారు. లోకంలో అన్నింటికన్న కఠినమైనదని పేరుపొందిన ఆ పదార్థపు మూడు స్థితిస్థాపక స్థిరాంకాలను నిర్ణయించి, 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో సవివరంగా ప్రకటించినారు. గోలకొండ పేరిట లోకం ఎరిగిన వజ్రాలు దొరికిన కొల్లూరు గనులు నాటి గుంటూరు జిల్లాలోనే ఉండడం ఒక ముచ్చటైన యాదృచ్ఛికం. శతాబ్దాలుగా వజ్రాన్ని తూకం వేసి వెలకట్టిన నేల మీద, ఆ వజ్రపు బిగువును ధ్వనితో తూచినారు.

ఇదే కాలంలో ఆయన చేసిన మరొక పని మా దృష్టిలో అంతకన్న గొప్పది. స్ఫటికాన్ని ఒత్తినప్పుడు దాని గుండా పోయే కాంతి ప్రవర్తన మారుతుంది. ఆ మార్పుకు జర్మను శాస్త్రజ్ఞుడు పాకెల్స్ పంతొమ్మిదవ శతాబ్దపు చివరలో లెక్కలు కట్టి, ఘనాకార వర్గానికి చెందిన స్ఫటికాలన్నింటికీ మూడు స్థిరాంకాలు చాలునని నిర్ణయించినారు. ఆ మాట అర్ధశతాబ్దం పాటు పుస్తకాలలో సాగినది. భగవంతం గారు 1942లో సమూహ సిద్ధాంతంతో ఆ లెక్కను మొదటినుంచి తిరిగి చేసి, ఘనాకార స్ఫటికాలలోని ఐదు తరగతులలో రెండింటికి మూడు కాదు, నాలుగు స్థిరాంకాలు అవసరమని తేల్చినారు. తరువాతి ప్రయోగాలు ఆయన లెక్కనే సమర్థించినవి. మన అంగడిలో దొరికే పటిక కూడా అట్టి తరగతికి చెందినదే. ప్రతి కిరాణా దుకాణంలోనూ ఉండే పటిక బెడ్డ విషయంలో పెద్ద గ్రంథాలు యాభై ఏళ్ళు పొరబడినాయంటే, అచ్చయిన అక్షరం పట్ల మనకుండే భక్తికి ఒక హద్దు ఉండాలని తెలుస్తున్నది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆయన కొంతకాలం లండనులో భారత ప్రభుత్వపు వైజ్ఞానిక ప్రతినిధిగా పనిచేసి, 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాచార్యులుగా హైదరాబాదుకు తిరిగి వచ్చినారు. విద్యార్థిగా విడిచి వెళ్ళిన నగరానికి ఆచార్యులై వచ్చిన సమయం సామాన్యమైనది కాదు. ఉర్దూలో భౌతిక, రసాయన శాస్త్రాలను బోధించిన విశ్వవిద్యాలయం అప్పుడే ఆంగ్ల బోధనకు మారుతున్నది. పరిభాష మారుతున్నది, ప్రభుత్వం మారుతున్నది. ఆ సంధికాలంలో స్ఫటికాల పరిశోధనకు ఆయన ఇక్కడ కూడా పునాది వేసినారు. ఉస్మానియాలో ఆ మార్గాన పనిచేసిన టి.ఎస్. నరసింహమూర్తి గారు స్ఫటికాల కాంతి గుణాల మీద 1981లో ప్రకటించిన బృహద్గ్రంథం ఆ పునాది మీద లేచినదే.

1952లో అలీ యావర్ జంగ్ తరువాత భగవంతం గారు ఉస్మానియా ఉపాధ్యక్షులైనారు. 1957 వరకు ఆ బాధ్యత వహించినారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడడం వారి హయాంలోనే జరిగినది. 1957 నుంచి 1962 వరకు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా ఉన్నారు. 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి వైజ్ఞానిక సలహాదారుగా పనిచేసినారు. ఆ పదవీకాలంలో దేశం రెండు యుద్ధాలను చూసినది. హైదరాబాదులో రక్షణ ప్రయోగశాలలు వరుసగా వెలసినదీ ఆ దశాబ్దపు ఆరంభంలోనే. పరిపాలన భారం ఎంత ఉన్నా చదువును విడువలేదనడానికి స్ఫటికాల సౌష్ఠవం, భౌతిక గుణాల మీద ఆయన 1966లో ప్రకటించిన గ్రంథం సాక్ష్యం. 1989లో ఆయన దివంగతులైనారు.

భగవంతం గారు బెంగుళూరు వెళ్ళిన 1957లోనే ఆయన పనికి సంబంధించిన మరొక సంఘటన జరిగినది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన మెక్‌స్కిమిన్, బాండ్ అనే శాస్త్రజ్ఞులు మరింత సున్నితమైన అతిధ్వని పద్ధతితో వజ్రాన్ని తిరిగి కొలిచినారు. చదరపు సెంటీమీటరుకు లక్ష కోట్ల డైన్లను ప్రమాణంగా తీసుకొంటే, గుంటూరులో మొదటి స్థిరాంకం 9.5గా వచ్చినది. బెల్ వారికి అది 10.76గా వచ్చినది. రెండవది 3.9కి బదులు 1.25గానూ, మూడవది 4.3కి బదులు 5.76గానూ తేలినవి. నేడు పుస్తకాలలో నిలిచినవి ఈ రెండవ వరుసకు దగ్గరి విలువలే. పాకెల్స్ లెక్కను భగవంతం గారు సరిదిద్దినట్లే, వారి కొలతను మరొకరు సరిదిద్దినారు.

దీనివల్ల ఆయన కీర్తికి తరుగు కలిగినదా? కలుగలేదని మా అభిప్రాయం. తామేమి చేసినారో, ఏ పలకను ఎట్లా అరగదీసినారో, ఏ అంకె ఎట్లా వచ్చినదో వారు దాచకుండా ప్రకటించినారు గనుకనే, తరువాతివారు దానితో పోల్చి తమ కొలతను పరీక్షించుకోగలిగినారు. దిద్దుబాటుకు వీలైన రీతిలో కొలతను లోకానికి అప్పగించడమే శాస్త్రజ్ఞుని ధర్మం.

ఈ ధర్మం ఎంత అవసరమో అణు వ్యర్థాల విషయంలో బాగా తెలుస్తుంది. మన నగరంలోనే మౌలాలీ వద్ద 1971లో నెలకొన్న అణు ఇంధన సముదాయంలో అణువిద్యుత్ కేంద్రాలకు కావలసిన ఇంధన కడ్డీలు తయారవుతున్నవి. ఆ కడ్డీల లోహపు గొట్టాలలో కంటికి కనబడని పగుళ్ళున్నవేమో పరీక్షించేది అతిధ్వనులతోనే. కేంద్రంలో వాడి తీసిన తరువాత ఆ కడ్డీలు తీవ్రమైన కిరణధార్మికత కలిగి ఉంటాయి. పునశ్శుద్ధి చేసే కర్మాగారంలో వాటిని ముక్కలు చేసి, వేడి నత్రికామ్లంలో కరిగించి, మిగిలిన యురేనియాన్ని, పుట్టిన ప్లుటోనియాన్ని ఒక సేంద్రియ ద్రావణిలోకి లాగి వేరుచేస్తారు. భారతదేశంలో ఇట్టి మొదటి కర్మాగారం 1964లో ట్రాంబేలో పని ప్రారంభించినది.

అయితే ఆమ్లంలో అంతా కరగదు. రుథీనియం, రోడియం, పల్లాడియం, మాలిబ్డినం వంటి లోహాల సన్నని నలుసులు, గొట్టాల తునకలు ద్రావణంలో తేలుతూ మిగిలిపోతాయి. ఇవి ఆమ్లానికీ సేంద్రియ ద్రావణికీ నడుమ మడ్డిలా చేరి, ఒకదాని నుంచి ఒకటి విడిపోకుండా అడ్డుపడతాయి. గొట్టాల మూలల్లో పేరుకొని వేడి పుట్టిస్తాయి. వీటిని తొలగించడానికి ముఖ్యంగా వడపోత పరికరాలను, వేగంగా గిరగిర తిరిగే అపకేంద్ర యంత్రాలను వాడుతారు. ఇంట్లో జల్లెడ పూడుకొనిపోతే దులిపి మళ్ళీ వాడుకొంటాము. మనిషి అడుగుపెట్టరాని మందపాటి కాంక్రీటు గదిలో వడపోత పూడుకొనిపోయినా, తిరిగే యంత్రం చెడిపోయినా బాగుచేయడం ఎంత కష్టమో ఊహించవచ్చు. మార్చి తీసివేసిన ఆ పరికరం కూడా మరొక వ్యర్థమే అవుతుంది.

కదిలే భాగం లేకుండా, పూడుకొనే రంధ్రం లేకుండా నలుసులను వేరుచేసే ఉపాయం కావలెను. ఇంటర్మీడియెట్ విద్యార్థులకు కుంట్ గొట్టపు ప్రయోగం తెలిసినదే. 1866లో కుంట్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు చూపినట్లు, గాజు గొట్టంలో తేలికైన పొడిని పరచి ధ్వని తరంగాలను నిలకడగా నిలిపితే, ఆ పొడి సమాన దూరాలలో కుప్పలు కడుతుంది. ద్రవంలో అతిధ్వనులతో కూడ ఇటువంటి అమరికే సాధ్యమవుతుంది. ఒకవైపు కంపించే పలకను, ఎదురుగా అలను తిప్పికొట్టే పలకను ఉంచితే, పోయే అల, వచ్చే అల కలిసి స్థిర తరంగం ఏర్పడుతుంది. ఒత్తిడి మార్పు లేని తావులు కొన్ని, అత్యధికంగా ఉండే తావులు కొన్ని వరుసగా నిలుస్తాయి. ద్రవం కన్న బరువైన, గట్టివైన నలుసులు ఒత్తిడి మార్పులేని తావులకు నెట్టబడతాయి. సెకనుకు పది లక్షల కంపనాలైతే నీటిలో తరంగదైర్ఘ్యం సుమారు 1.5 మిల్లీమీటర్లు. కనుక ప్రతి 0.75 మిల్లీమీటరుకు ఒక నలుసుల పొర కడుతుంది. చిల్లగింజ అరగదీసి కలిపిన బురదనీటిలో మట్టి ఒకదానికొకటి అంటుకొని అడుగుకు దిగినట్లు, దగ్గర చేరిన నలుసులు ముద్దకట్టి త్వరగా కిందకు దిగుతాయి, లేదా ఆ పొరలను ఒక పక్కకు మళ్ళించి తీసివేయవచ్చు.

ఇందులో చిక్కులు లేకపోలేదు. నలుసు వ్యాసం సగమైతే దానిమీద పనిచేసే ధ్వని బలం ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. ద్రవపు అడ్డు మాత్రం సగమే తగ్గుతుంది. కనుక ఆ నలుసు కదిలే వేగం నాలుగవ వంతు అవుతుంది. ధ్వని వల్ల ద్రవం వేడెక్కుతుంది, అందులో లోపలి ప్రవాహాలు పుట్టి పేర్చిన పొరలను చెదరగొడతాయి. ఆమ్లాన్ని, కిరణాలను ఏళ్ళ తరబడి తట్టుకొనే కంపన పలకలు కావలెను. అందువల్ల ఈ పద్ధతి ప్రయోగశాలల పరిశీలనలో సాగుతున్న విద్యగానే చెప్పుకోవాలి.

భగవంతం గారు అణు వ్యర్థాల మీద పరిశోధన చేయలేదు. కాని నలుసు ఏ వైపుకు, ఎంత బలంతో నెట్టబడుతుందో నిర్ణయించేవి ద్రవానికీ నలుసుకూ గల సాంద్రత, ఒత్తిడికి లొంగే గుణం, ధ్వని వేగం. వాల్తేరులో, గుంటూరులో కాంతి గీతలను లెక్కించి వారు రాబట్టినవి ఈ జాతి గుణాలే. వజ్రాన్ని, పటికను, ద్రవాలను ఎందుకు కొలుస్తున్నారని ఆనాడు ఎవరైనా అడిగియుంటే, ఇట్టి ప్రయోజనం ఎవరి ఊహకూ అంది ఉండదు.

అణు వ్యర్థం మన తరంతో పోయేది కాదు. సీసియం 137 సగానికి తగ్గడానికి ముప్పై ఏళ్ళు పడితే, ప్లుటోనియం 239 సగానికి తగ్గడానికి సుమారు 24,100 ఏళ్ళు పడుతుంది. ఇక్కడ తప్పుడు అంకె వేసిన వాని తప్పును ఎవరో పుట్టబోయేవారు మోయవలసి వస్తుంది.

ఈ సందర్భంలో మన కళాశాల విద్యార్థులకు ఒక మాట చెప్పక తప్పదు. ప్రయోగ పరీక్షల రికార్డులలో పుస్తకంలోని విలువకు సరిపోయేట్లు కొలతను వెనుకనుంచి దిద్దే అలవాటు అన్ని కళాశాలల్లోనూ ఉన్నది. మార్కులు పోతాయనే భయం దానికి కారణం. భగవంతం గారు పుస్తకంలోని మూడును చూసి తన నాలుగును కొట్టివేసియుంటే, పాకెల్స్ పొరపాటు ఇంకెంత కాలం సాగేదో చెప్పలేము. వచ్చిన అంకెను వచ్చినట్లు రాయడం, అది ఎట్లా వచ్చినదో పక్కన రాయడం, రేపు మరొకరు దిద్దితే సంతోషించడం అనే మూడు అలవాట్లకు పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. కళాశాల నిర్వాహకులకు కూడా మా మనవి ఒకటే. సరిపోలని విలువను నిజాయితీగా రాసిన రికార్డుకు పూర్తి మార్కులు వేసే ధైర్యం అధ్యాపకులకు కలిగించండి. నిజాం కళాశాల బల్లల మీద ఒకనాడు కూర్చొన్న ఆగిరిపల్లి విద్యార్థికి ఈ నగరం చెల్లించగల గౌరవం అదే.